మెట్ల మీద చదివిన గౌరి కథ

గోదావరిఖని,
ఆదివారం పొద్దున.

విజయక్కకు, నీ చెల్లె స్వరూప దండం పెట్టి రాసేది.

నేనూ మీ మరిదీ మంచిగున్నం. నువ్వు, బావ, పిల్లలు అందరు పానం మంచిగుండి ఈ ఉత్తరం చదువుతున్నరని అనుకొని మొదలువెడుతున్న. అవ్వకు దగ్గు తగ్గిందా? బాపు మోకాళ్లకు నూనె రాస్తున్నడా, సీసా అట్లనే గూట్ల పెట్టి మర్చిపోయిండా? చిన్నోడు నడుస్తున్నడని బావ ఫొటో పంపిండు. ఆ అంగీ నువ్వు కుట్టిందే అని చూడంగనే గుర్తుపట్టిన.

ఆ మధ్య ఫోన్ల నా గొంతు విని ఏదో అయిందని అవ్వ పరేషాన్ అయిందట. నీకు చెప్దామంటే ఫోన్ల నీకు వినపడకపాయె. చిన్నప్పుడు జ్వరమొచ్చి నీ చెవులు అట్లైనప్పటి నుంచి మనిద్దరం ఎదురుంగ కూసొని మాట్లాడుకోవాలె, లేకపోతే రాసుకోవాలె, అంతే కదా. మెసేజ్ పెడితే రెండు ముక్కలతోని నీకు సాలదు, ఆ రెండు ముక్కలకు ఇంక పది అడుగుతవు. అందుకే తీరుబాటుగ కూసున్న. ముందుగాలనే చెప్తున్న, అంతా మంచిగనే అయింది, ఏం ఫికర్ చెయ్యకు. చివరిదాకా చదివినంకనే అవ్వకు చెప్పు.

ఇక్కడ ఎండలు మామూలుగ లేవక్కా. మన కోరుట్లల ఎండ ఎండలెక్కనే ఉంటది. ఇక్కడ పైనుంచి ఎండ, కింది నుంచి బొగ్గు సెగ. పొద్దున దండెం మీద తెల్ల చీర ఆరేస్తే మధ్యాహ్నానికి నల్లగ మరకలు. పైనుంచి తవ్వే గనిల, ఓపెన్ కాస్టంటరు, బాంబులు పేల్చినప్పుడు గిన్నెలన్నీ గలగలమంటయి. వచ్చిన కొత్తల భూకంపమనుకొని బయటికి ఉరికిన, పక్కింటోళ్లు ఒకటే నవ్వుడు. ఇప్పుడు అలవాటైంది. గిన్నెలు చప్పుడు చేస్తే, అన్నం తినే వేళయిందని లేస్తున్న.

కూరగాయలు మంచిగ దొరుకుతయి గానీ మన దిక్కు పచ్చజొన్నలు దొరుకుతలేవు. బావ ఇటు దిక్కు వస్తే ఒక సంచి పంపు. మీ మరిదికి జొన్నరొట్టె ఉంటే ఇంక కూర గురించి అడుగడు.

మీ మరిది మంచోడక్కా, ఆ సంగతి మళ్లమళ్ల చెప్తున్న. మాటలు తక్కువ. గనిని ఇక్కడ బాయి అంటరు. ఆయన బాయిల దిగి డ్యూటీ చేస్తడు, ఒక వారం పొద్దున షిఫ్టు, ఒక వారం మధ్యాహ్నం, ఒక వారం రాత్రి. నైట్ షిఫ్టు వారం పొద్దున వచ్చి, తానం చేసి, తిని పంటడు. అప్పటి నుంచి పొద్దూకేదాకా ఇంట్ల నేను చెంచా కింద పెట్టినా చప్పుడే. మాట్లాడేటోళ్లు లేరు, టీవీ పెట్టరాదు. మొదటి నెల ఎన్నిసార్లు ఏడ్చిన్నో నీకు రాయలే. ఇప్పుడు రాస్తున్న, ఎందుకంటే ఇప్పుడు ఏడుస్తలేను.

అసలు సంగతి కూడా ఆ నైట్ షిఫ్టు నుంచే మొదలైంది.

మాది మూడంతస్తుల క్వార్టర్లు. మా తలుపు ఎదురుంగనే మెట్లు. బడులకు సెలవులిచ్చినంక బిల్డింగుల పోరగాళ్లందరు మెట్ల మీదనే. బయట ఎండ, ఇంట్ల తిట్లు, ఇంకెక్కడికి పోతరు? వాళ్ల లొల్లికి మీ మరిది మధ్యల లేసి కూసుంటున్నడు. కండ్లు ఎర్రగ చేసుకొని బాయిల దిగితే ఎట్ల అని నాకు భయం. ఒకనాడు కోపంతోని తలుపు తీసిన. ఆ పోరగాళ్ల మొఖాలు చూసినంక తిట్టబుద్ధి కాలే. "కథ చెప్తా, మెల్లగ కూసుంటరా?" అన్న. కూసున్నరు.

నాకు వచ్చిన కథలన్నీ రెండు దినాలల్ల అయిపోయినయి. అప్పుడు నువ్వు నా సామాన్ల పెట్టిన నవల యాదికొచ్చింది. అట్ట చినిగి పేరు కూడా లేదు కదా, గౌరి కథ. నువ్వు చదివి ఎన్నేండ్లయిందో, అందుకే జర యాద్ చేస్తున్న. గౌరి అని పదమూడేండ్ల పిల్ల. నాయిన లారీ నడుపుతడు. ఒకనాడు లారీ మీద పోయినోడు మళ్ల రాడు, రోడ్డు మీదనే పానం పోతది. గౌరి వాళ్లమ్మ నెల తిరగకముందే బియ్యం మిల్లుల పనికి పోతది. ఒక్కనాడు కూడా బిడ్డ ముందట ఏడ్వదు. మిల్లుల ఆడోళ్లతోని నవ్వుతది కూడా. గౌరికి అది మింగుడుపడదు. అక్కడి నుంచి ఆ పిల్ల ఎట్ల పెరిగిందనేదే నవల.

పోరగాళ్లకు ఇది నచ్చుతదా అని నాకు అనుమానమే. దయ్యాలు లేవు, ఫైటింగులు లేవు. అయినా దినానికి ఒక భాగం చదివిన. అక్కా, వాళ్లు ఎట్ల విన్నరో నువ్వు చూడాలె.

చరణ్ అని ఒకడు, ఆరో తరగతి. గౌరి నాయిన సచ్చిపోయినంక వాడు ఒప్పుకోనే లేదు. "సచ్చిపోలేదక్కా, చూడు, సెకండాఫుల వస్తడు" అన్నడు. ప్రతి దినం ముందుగాలనే వచ్చి కూసొని, ఈ దినం వస్తడా అని అడిగేటోడు. బిందు అని ఒక పిల్ల, దాని కింద ఇద్దరు చిన్నోళ్లున్నరు, సంకల ఒకన్ని ఎత్తుకొనే కథ వింటది. దానికి గౌరి అంటే అస్సలు పడదు. ఇంట్ల గిన్నెలు తోమకుండ కిటికీల కూసొని కోపం చేస్తదేంది, దానికి మస్తు పొగరు అంటది. అఫ్రీన్ వాళ్ల నాయిన ఆటో నడుపుతడు. అఫ్రీన్ దినాం సాయంత్రం వాళ్ల నాయినకు కథ అప్పజెప్తదట. ఆయన ఆటో ఆపి దిగంగనే, గౌరికి ఈ దినం ఏమైంది అని అడుగుతడట. ఒకనాడు చౌరస్తల నన్ను చూసి, ఆ పిల్లను బడి మాన్పియ్యరు కదమ్మా అని అడిగిండు. ముందుగాలనే చెప్తే మజా పోతదని నవ్వి వచ్చిన.

వీళ్లు కాక ఇంకొక పిల్ల ఉంది, నవ్య. తొమ్మిదో తరగతికి పోతది, మా పైన క్వార్టరే. అందరితోని కలిసి కూసునేది కాదు. మలుపు తిరిగినంక పై మెట్టు మీద గోడకు ఆనుకొని, మొఖం అటు తిప్పి కూసునేది. కథ అయిపోంగనే ఎవ్వరితోని మాట్లాడకుండ మీదికి పోయేది. నేను కొత్త కదా, వాళ్లింట్ల సంగతి నాకు తెల్వదు. వాళ్లమ్మ సరోజక్క పొద్దున డ్యూటీకి పోయేటప్పుడు చూసేదాన్ని, గంతే.

ఒక దినం గౌరి వాళ్లమ్మతోని కొట్లాడే భాగం వచ్చింది. నీకు నాయిన మీద ప్రేమ, పావురం లేదు, ఉంటే నవ్వుతవా అని గౌరి అమ్మను అంటది. అది చదవంగనే బిందు లేసింది, అమ్మను గట్ల అంటదా అని. చరణ్‌గాడు మెల్లగ, అమ్మ ఏడుస్తనే ఉంటే అన్నం ఎవ్వరు వండుతరు అన్నడు. అప్పుడు పై మెట్టు మీది నుంచి నవ్య గొంతు వినపడ్డది. నేను ఆ పిల్ల గొంతు వినుడు అదే మొదలు.

"గౌరి అన్నదాంట్ల తప్పేముంది? అన్నం తర్వాత వండుకోవచ్చు. ఒక్కసారి ఏడిస్తే ఏం పోతది?"

నవ్య లేసి మీదికి పోయింది. అఫ్రీన్ నా చెవుల చెప్పింది, వాళ్ల డాడీ గుండెనొప్పి వచ్చి పోయిండని, పోయినేడాదే అని, ఆయన నౌకరి వాళ్లమ్మకు ఇచ్చిండ్రని. ఇన్ని దినాలు ఎవరి ముందట ఏం చదువుతున్ననో తెల్వకుండ చదివిన.

ఆ సాయంత్రం నవ్యే మా తలుపు కొట్టింది. బుక్కు కావాలన్నది. అందరితోని కలిసి విందువు తియ్యి అన్న. లేదక్కా, అయిపోయేదాకా నేనే చదువుకుంట, పొద్దున ఇస్తా అన్నది. ఇయ్యనా వద్దా అని నిలబడ్డ. ఆ పిల్ల చెయ్యి చాపే ఉంది. ఇచ్చిన.

తెల్లారి మీ మరిది నైట్ షిఫ్టు దిగి వచ్చి తిని పండిండు. నవ్య బుక్కు తేలే. నిద్రపోయిందేమో అనుకున్న. మధ్యాహ్నం కింది క్వార్టరు లచ్చవ్వ మీదికి పోయింది. లచ్చవ్వ అంటే ఈ బిల్డింగుల అందరికంటే పెద్దామె. సరోజక్క డ్యూటీల ఉన్నప్పుడు నవ్య తిన్నదా లేదా ఆమెనే చూస్తది. పోయి చూస్తే తలుపుకు తాళం. పోరగాళ్లను అడిగితే పొద్దుటి నుంచి ఎవ్వరు చూడలే. సరోజక్కకు ఫోన్ చేస్తే ఎత్తుతలేదు, డ్యూటీ మీద ఫోన్ సంచిల పెడుతదట.

కొంచెం సేపట్లనే మెట్ల మీద ఆడోళ్లందరు కూడిండ్రు. నిన్న ఏం జరిగిందని లచ్చవ్వ పోరగాళ్లను అడిగింది. వాళ్లు చెప్పిండ్రు. అప్పుడు లచ్చవ్వ నా దిక్కు తిరిగింది.

"కొత్తగొచ్చిన పోరివి. ఎవరింట్ల ఏమైందో ఎరుక లేకుండ సావుల కథలు చదువుతవా? అసలే ఆ పోరి ఏడాది నుంచి నోరు తెరుస్తలేదు. దానికి ఏమన్న అయితే సరోజకు ఏం మొఖం చూపెట్టుడు?"

లోపలికి పోయి మీ మరిదిని లేపిన. ఆయనకు సగం నిద్ర కూడా కాలే. ఏమైంది అన్నడు. చెప్పిన. నేను తిడతడేమో అనుకున్న. మొఖం మీద నీళ్లు కొట్టుకొని, అంగీ ఏసుకొని, బండి తాళం తీసుకున్నడు. "పా" అన్నడు, గంతే.

బస్టాండుకు పోయినం. కరీంనగర్ బస్సుల, పెద్దపల్లి బస్సుల ఎక్కి చూసిన. లేదు. నవ్య బడి దిక్కు పోయినం, గేటుకు తాళముంది. చౌరస్తల దుకాండ్లల్ల అడిగినం. ఎండకు రోడ్డు మీద మనుషులే లేరు. ఒక పిల్ల పోతే ఎవరికన్న కనవడాలె కదా అని మీ మరిది అంటున్నడు. ఇంక అడుగడానికి ఎక్కడా మిగల్లే. ఆయన బండి గోదావరి దిక్కు తిప్పిండు. ఎందుకు తిప్పిండో నేను అడుగలే, ఆయన చెప్పలే. వంతెన మీద బండి ఆపిండు. నేను దిగిన గానీ కిందికి చూడ ధైర్యం రాలే. కండ్లు మూసుకొని రెయిలింగు పట్టుకున్న, అది కాలిన పెంకు తీరుగ ఉంది. మీ మరిదే ఆ చివరి నుంచి ఈ చివరిదాకా నడిచి చూసిండు. వచ్చి, బట్టలుతికేటోళ్లు తప్ప ఎవ్వరు లేరు, కండ్లు తెరువు అన్నడు.

అక్కడ నిలబడే ఆలోచన చేసిన. ఆ పిల్ల బుక్కు అయిపోయేదాకా చదివింది కదా. చివరి భాగాలల్ల ఏముంది? గౌరి ఒకనాడు ఎవ్వరికి చెప్పకుండ వాళ్లమ్మ పనిచేసే మిల్లు కాడికి పోతది. గేటు బయట నిలబడి అమ్మను చూస్తది. తవుడు పట్టిన మొఖంతోని అమ్మ బస్తాల చాటున కూసొని ఒక్కతే ఏడుస్తుంటది. అది యాదికి రాంగనే మీ మరిది చెయ్యి పట్టుకున్న.

"సరోజక్క ఎక్కడ పనిచేస్తది?" అన్న.

"మా బాయి మీదనే. లాంపు రూముల."

లాంపు రూమంటే ఏందో నాకు అప్పుడే తెలిసింది. బాయిల దిగేటోళ్లు తలకు లైటు పెట్టుకుంటరు కదా, ఆ లైట్లు ఛార్జింగు పెట్టి, షిఫ్టు మొదలైనప్పుడు ఇచ్చి, దిగినంక వాపస్ తీసుకునే రూము. ఎవరి నంబరు లైటు వాళ్లదే.

బాయి కాడికి పోయినం. గేటు కాడ సెక్యూరిటీ ఆయన మీ మరిదిని చూసి, ఈ వేళకు నువ్వేంది అన్నడు. సరోజక్క బిడ్డ ఏమన్న వచ్చిందా అని మీ మరిది అడిగిండు. ఆయన క్యాంటీన్ దిక్కు చెయ్యి చూపెట్టిండు. "గా పిల్లనా? పొద్దున నడుచుకుంట వచ్చింది. అమ్మను చూడాలె అని ఇక్కడనే నిలబడ్డది. ఎండల ఎంత సేపు నిలబడుతదని లోపలికి కబురు పంపిన."

క్యాంటీన్ బయట రేకుల కింద బల్ల. ఆ బల్ల మీద తల్లీబిడ్డ ఒక్క టిఫిన్ల తింటున్నరు. సరోజక్క కొంగుతోని నవ్య మెడ తుడుస్తుంది. ఇద్దరి కండ్లు ఉబ్బి ఉన్నయి. మన గౌరి బుక్కు నవ్య ఒడిల ఉంది.

అక్కా, ఏడ్పు, నవ్వు రెండూ ఒక్కసారే వచ్చినయి. మీ మరిది పక్కకు తిరిగి లచ్చవ్వకు ఫోన్ చేసిండు, దొరికింది, తల్లి కాడనే ఉంది అని.

సరోజక్క నన్ను చూసి లేసింది. నేను ముందుగాల మాట్లాడుదామనుకున్న, తప్పైంది అక్కా అందామనుకున్న. ఆమె నా మాట పడనియ్యలే. ఆ కథ చదివేది నువ్వేనా అన్నది. అవునన్న. నాకు చదువొచ్చు గానీ బుక్కు పట్టుకుంటే నిద్రొస్తది, నువ్వు చదివేటప్పుడు నేనొచ్చి కూసుంటా, నా డ్యూటీ దిగినంక పెట్టుకో అన్నది. గంతే. నా చేతుల ఇంత అన్నం ముద్ద పెట్టింది, పొద్దుటి నుంచి ఏం తినలేదని నా మొఖం చూసే తెలిసిందట.

అక్కడ వాళ్లిద్దరి నడుమ ఏం జరిగిందో తర్వాత సరోజక్కే చెప్పింది. ఒకనాడు సాయంత్రం నీళ్లు పడుతుంటే, బిందె నిండి పొంగిపోతున్నా చూసుకోకుండ చెప్పింది. పొద్దున కబురొస్తే ఏమైందో అని ఉరికొచ్చిందట. గేటు కాడ చెమటతోని బిడ్డ నిలబడి ఉంది. ఏమైంది బిడ్డా అంటే, నవ్య ఒక్కటే అడిగిందట.

"అమ్మా, నువ్వు ఎక్కడ ఏడుస్తవు?"

ఏడాది నుంచి వాళ్లింట్ల ఉప్పు, పప్పు, కరెంటు తప్ప మాట లేదు. నేను ఏడిస్తే ఇది ఇంక కుంగిపోతదని నేను నవ్వుకుంట తిరిగిన స్వరూపా, అది నన్ను రాయి అనుకున్నది, అని సరోజక్క చెప్పింది. అక్కడనే గేటు కాడ బిడ్డకు ఉన్నదున్నట్టు చెప్పిందట. "మీ డాడీ నంబరు లైటు ఇప్పుడు ఇంకొకాయనకు ఇచ్చిండ్రు బిడ్డా. దినాం నా చేతులతోనే ఇయ్యాలె. ఆయన పైకొచ్చి ఆ లైటు నా చేతుల పెట్టేదాకా నాకు ముద్ద దిగదు. పెట్టినంక లోపల ర్యాకుల మధ్యల నిలబడి జర సేపు ఏడుస్త. మొఖం కడుక్కొని ఇంటికొస్త."

మీ డాడీ గుండెనొప్పితోని పోయిండు, లైటు ఏం చేసింది, అది నాకెరికే, అయినా మనసు వింటలేదు అని కూడా చెప్పిందట. నవ్య అప్పుడు ఏడ్చింది. ఆయన పోయిన దినం నుంచి ఆ పిల్ల కూడా ఏడ్వలేదట అక్కా, అది నాకు తెల్వదు. ఇద్దరు కలిసి ఏడ్చి, కలిసి తిన్నరు. మేం పోయేసరికి అది తినే వేళ.

తర్వాత నాలుగైదు దినాలు కథ చదువలే. లచ్చవ్వ అన్న మాట మనసుల ఉండె. ఒక సాయంత్రం లచ్చవ్వే ఒక గిన్నెల కొత్త మామిడికాయ తొక్కు పట్టుకొని వచ్చింది. కోపంల అన్న మాటలు పట్టించుకోకు అని అనలే. గిన్నె పెట్టి, లోపల అంతా కలియజూసి, పోరగాళ్ల లొల్లికి నా చెవులు పోతున్నయి, ఆ చదువుడేదో మళ్ల మొదలువెట్టు అన్నది. పోయేటప్పుడు తలుపు కాడ ఆగి, వాళ్ల నాయిన వచ్చిండా మరి అని అడిగింది. రాడు లచ్చవ్వా అన్న. తల ఊపి పోయింది. తొక్కు మస్తుగుంది, ఎల్లిపాయ ఎక్కువేసింది.

మళ్ల మొదలువెట్టినం. ఇప్పుడు సాయంత్రాలే, సరోజక్క డ్యూటీ దిగి వచ్చినంక. నవ్య పై మెట్టు మీదనే కూసుంటది గానీ ఇప్పుడు మొఖం మా దిక్కే. సరోజక్క దాని కింది మెట్టు మీద కూసుంటది, అది వాళ్లమ్మ తల దువ్వుకుంట వింటది. సరోజక్క మంచి మనిషి అక్కా, నవ్వితే బిల్డింగంతా వినపడ్తది. గౌరి వాళ్లమ్మ మిల్లు మేస్త్రీని మాటలతోని ఆడుకునే కాడ ఎంత నవ్విందంటే, మీ మరిది లోపలి నుంచి ఏమైందని వచ్చిండు. వచ్చినోడు పోలే, తలుపుకు ఆనుకొని మొత్తం విన్నడు.

పోయిన శుక్రవారం చివరి భాగం చదివిన. గౌరి పెద్దదై పట్నం చదువుకు పోయేటప్పుడు తల్లి బస్సు ఎక్కియ్యడానికి వస్తది కదా, ఆడికి అయిపోతది. పుస్తకం మూసిన. చరణ్‌గాడు మెట్టు మీద గీతలు గీసుకుంట, "రాడని నాకెప్పుడో ఎరికే అక్కా. అయినా చూద్దామనుకున్న" అన్నడు. వాని తల మీద చెయ్యి పెట్టిన. బిందు ఏమన్నదో తెలుసా, గౌరి మంచిగైంది గానీ గిన్నెలు తోముడు మాత్రం చివరిదాకా నేర్వలే అన్నది. అఫ్రీన్ కండ్లు తుడుచుకొని ఉరికింది, వాళ్ల నాయిన ఆటో చప్పుడు వినపడితే, చెప్పాలె కదా.

నవ్య మాత్రం ఒక మాట అన్నది, అది నా మనసుల నాటుకపోయింది. "బుక్కంతా గౌరికి ఏమనిపిచ్చిందో ఉంది. వాళ్లమ్మను ఎవ్వరు అడుగలే. వాళ్లమ్మకు కూడా ఒక చాప్టరుంటే మంచిగుండేది" అన్నది. సరోజక్క, బుక్కుల లేకపోతే ఏమైంది, నన్నడుగు, నేను చెప్త అన్నది. ఆ దినం నుంచి పైన క్వార్టర్ల ఒకటే మాటలు. ఒకటే కప్పు కదా, మాకు వినపడ్తయి. ఏం మాట్లాడుకుంటున్నరో వినపడదు, మాట్లాడుకునుడే వినపడ్తది. మీ మరిది నిద్రకు ఏం అడ్డం రాదు అది. ఆయననే అన్నడు.

ఇంకొక సంగతి నీకొక్కదానికే రాస్తున్న. మీ మరిది డ్యూటీకి పోయి రావడం జర ఆలస్యమైతే నేను తలుపు కాడనే నిలబడేదాన్ని. ఆయనకు చెప్తే నవ్వుతడని చెప్పలే, నీకు రాస్తే నువ్వు నిద్రపోవని రాయలే. సరోజక్కకు మాత్రం ఎట్లనో తెలిసింది. ఒకనాడు ఆమెనే అన్నది, నీ మొగని లైటు కూడా నా దగ్గరికే వస్తది పిల్లా, ఆలస్యమైతే నాకు ఫోన్ చెయ్యి, నేను డ్యూటీల లేకపోతే ఉన్నోళ్లను అడిగి చెప్త అని. మొన్న ఒకసారి చేసిన. లైటు ఇచ్చిండు, స్నానానికి పోయిండు, అన్నం పెట్టుకో అన్నది. ఆ మాట విన్నంక నా గుండె ఎంత తేలికైందో ఎట్ల రాయాలె. ఇంక నా గురించి ఫికర్ పెట్టుకోకు. నేను ఇక్కడ ఒక్కదాన్ని కాదు.

పోరగాళ్లు ఇంకో బుక్కు అడుగుతున్నరు. నీ అల్మారీల ఏమన్నుంటే జొన్నలతోని పంపు. చరణ్ కోసం ఈసారి పోయినోళ్లు వాపసొచ్చే కథ చూడు. గౌరి బుక్కు మాత్రం ఇప్పుడు పంపలేను, అఫ్రీన్ వాళ్ల నాయిన మొదటి నుంచి చదివిపిచ్చుకుంటున్నడు, ఆయన తర్వాత లచ్చవ్వ మనవరాలు అడిగింది. చినిగితే నేనే కుట్టి పెడ్త, నీ అంత మంచిగ రాదు గానీ.

అవ్వకు, బాపుకు నా దండాలు చెప్పు. బావను అడిగినట్టు చెప్పు. చిన్నోన్ని ముద్దుపెట్టుకో. మీ మరిది కూడా నీకు దండం చెప్పమన్నడు, మళ్లసారి తనే రాస్త అన్నడు, రాయడని నాకు తెలుసు. పండుగలకు కాదు, ఉత్తగనే ఒక వారం రండి. నువ్వు వస్తే మెట్ల మీద నీ ఎదురుంగ కూసొని చదువుత, పెదవులు చూస్తే నీకు తెలుస్తది. మీ అందరి దీవెన ఉంటే మాకు ఇంకేం తక్కువ లేదు.

ఇంక రాద్దామనుకున్న గానీ పై మెట్ల మీది నుంచి నవ్య ఒర్రుతుంది, "స్వరూపక్కా, అమ్మ చాయ పెట్టింది, సల్లారుతుంది, జల్ది రా" అని. పోతున్న.

నీ చెల్లె,
స్వరూప